ఎముకకు అతకని ప్లాస్టిక్కు - అతికించే ప్రయత్నాల చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే పెనుకొండ కోట, లేపాక్షి బసవన్న, గుత్తి దుర్గం గుర్తుకు వస్తాయి. వాటిని గురించి మన సంఘంలో పండితులుగా పనిచేసినవారు వ్రాస్తేనే అందం. నేను గుమాస్తాను. ముప్పై ఏళ్ళకు పైగా నా చేతుల మీదుగా పోయినవి బిల్లులు. 1972 నాటి వైద్య సహాయ నిబంధనల కింద వచ్చిన మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లులు వాటిలో చాలానే ఉండేవి. ఆ బిల్లులే నాకు చరిత్ర పాఠం చెప్పాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎముక విరిగినవారి బిల్లులో 'స్టీలు ప్లేటు, స్క్రూలు' అని ఉండేది. కొన్నేళ్ళకు 'బోన్ సిమెంటు' అన్న మాట వచ్చింది. "సిమెంటు ఏమిటయ్యా, ఇది ఆర్ అండ్ బి వాళ్ళ బిల్లా?" అని ఒక పై అధికారి నవ్వుతూ అడిగిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. నేను పదవీ విరమణ చేసే నాటికి 'పీక్ కేజ్' అనే మాట వచ్చింది. పీక్ అంటే ఒక జాతి ప్లాస్టిక్కు. కేజ్ అంటే వెన్నుపూసల మధ్య పెట్టే చిన్న గూడు వంటి ముక్క.

ఎముకలో ప్లాస్టిక్కు పెట్టడమా, అది అక్కడ ఎలా నిలుస్తుంది అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. విరమణ తరువాత తీరిక దొరికింది, చదివాను. చదివినది మీతో పంచుకుంటున్నాను. మనలో మోకాలో, తుంటో, నడుమో బాగుచేయించుకోని ఇల్లు ఇప్పుడు తక్కువ కదా.

మొదట ఎముక అంటే ఏమిటో చూడాలి. మనం దానిని రాయి వంటిది అనుకుంటాము. నిజానికి అది బ్రతికి ఉన్న వస్తువు. దాని బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఖనిజం. మిగిలినది కొలాజెన్ అనే మాంసకృత్తు, నీరు. ఖనిజం ముఖ్యంగా సున్నము, భాస్వరము కలిసిన పదార్థం. దానిని శాస్త్రజ్ఞులు ఎపటైట్ అంటారు. ఒక రకం కణాలు పాత ఎముకను తవ్వి తీసేస్తూ ఉంటాయి, మరొక రకం కణాలు కొత్తది కట్టుకుంటూ పోతాయి. జీవితమంతా ఈ మరమ్మతు పని నడుస్తూనే ఉంటుంది. ఈ భాస్వరం లెక్క దగ్గర మన తెలుగువాడి పేరు ఒకటి వస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. రక్తంలోనూ ఎముకలోనూ ఫాస్ఫేటు లెక్క తేల్చడానికి ఆ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలలలో దశాబ్దాలు నడిచింది. మన పాఠ్యపుస్తకాలు ఆయన మందులను గురించి చెప్పినంతగా ఈ సంగతి చెప్పవు.

ఇక ఎముకలో ప్లాస్టిక్కు పెట్టిన కథ. 1946లో పారిస్ నగరంలో జూడే సోదరులు అరిగిపోయిన తుంటి బంతిని తీసివేసి, దాని స్థానంలో ఎక్రిలిక్ ప్లాస్టిక్కు బంతిని అమర్చారు. మొదట రోగులు లేచి నడిచారు, అందరూ మెచ్చుకున్నారు. కొద్ది సంవత్సరాలకే ఆ బంతులు అరిగిపోవడం, విరిగిపోవడం మొదలయింది. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది.

తరువాత ఇంగ్లాండులో లాంకషైరు ప్రాంతంలోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ వచ్చాడు. ఆయన కథ కొంచెం నిలిచి చెప్పుకోవలసినది. 1958 ప్రాంతంలో ఆయన తుంటి గిన్నెకు టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్కు వాడాడు. ఇప్పుడు మన ఇళ్ళలో దోసె పెనానికి పూసేది అదే. నున్నగా జారుతుంది కాబట్టి కీలుకు మంచిదని ఆయన అనుకున్నాడు. దాదాపు 300 మందికి పెట్టాడు. మూడు నాలుగేళ్ళలో అవి అరిగిపోయి, అరిగిన పొడి చుట్టూ కండ వాచి, ఎముక తినివేయబడింది. ఆ పొడికి శరీరం ఎలా స్పందిస్తుందో తెలుసుకోవడానికి ఆయన ఆ ప్లాస్టిక్కును తన తొడలోనే పెట్టించుకుని చూశాడు. పెట్టినవాటిని తిరిగి తీయవలసిన ఆపరేషన్లు కూడా తానే చేశాడు. ఆ పని ఇంకొకరికి అప్పగించి తప్పించుకోలేదు. ఆయనను పెద్దవాడని నేను అనేది అందుకే.

1962లో ఒక అమ్మకందారు వేరే రకం ప్లాస్టిక్కు నమూనా తీసుకుని ఆ ఆసుపత్రికి వచ్చాడు. అది అక్కడి మగ్గాలలో పళ్ళచక్రాలకు వాడే గట్టి పాలిథిన్. ధర్మవరం మగ్గాల మధ్య పుట్టి పెరిగినవారు ఈ మాట విని సంతోషిస్తారు. చార్న్‌లీ దానిని గోటితో గీకి చూసి, ఇది పనికిరాదని వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర పనిచేసే హ్యారీ క్రేవెన్ అనే సాంకేతిక సహాయకుడు మాత్రం దానిని పారవేయలేదు. అయ్యగారు ఊరిలో లేని సమయంలో దానిని అరుగుదల పరీక్షించే యంత్రానికి ఎక్కించాడు. మూడు వారాలు రాత్రింబగళ్ళు తిప్పినా అది టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. చార్న్‌లీ తిరిగి వచ్చి చూసి, తన అభిప్రాయం మార్చుకున్నాడు. ఆ ఏడాది నవంబరు నుంచి దానినే వాడడం ప్రారంభించాడు. ఇవాళ మన సభ్యుల మోకాళ్ళలో, తుంటిలో ఉన్న ప్లాస్టిక్కు ఆ కుటుంబానికి చెందినదే. చార్న్‌లీకి 1977లో సర్ బిరుదు వచ్చింది. క్రేవెన్ పేరు చాలా పుస్తకాలలో ఒక పంక్తికి మించి కనపడదు. కింది ఉద్యోగిగా బ్రతుకు గడిపినవాడిని కాబట్టి ఆ పేరు ఇక్కడ పూర్తిగా వ్రాశాను.

నా అధికారి నవ్విన ఆ సిమెంటును తుంటి ఆపరేషన్‌లో నిలబెట్టినవాడు కూడా చార్న్‌లీయే. దంతవైద్యులు వాడే ఎక్రిలిక్ పదార్థాన్ని పిండిలా కలిపి, ఎముక రంధ్రంలో నింపి, అది గట్టిపడేలోగా లోహపు కాడను దానిలో దించేవాడు. ఇది బంక కాదు, సందులు నింపే గచ్చు వంటిది అని ఆయన పదే పదే చెప్పేవాడు. బంక అయితే ఎముకతో ఒకటవుతుంది, గచ్చు పట్టి ఉంచుతుంది, అంతే. మన వ్యాసానికి ఈ తేడాయే కీలకం.

ప్లాస్టిక్కు గానీ, మామూలు స్టీలు గానీ ఎముకలో పెట్టినప్పుడు శరీరం దానిని చుట్టమని అనుకోదు. తరిమికొట్టలేదు కాబట్టి చుట్టూ పలుచని పొర ఒకటి అల్లి, దానిని వేరుచేసి ఉంచుతుంది. ఊరిలోకి వచ్చిన పరాయివాడిని సత్రంలో ఉంచినట్టు. ఆ పొర మెత్తగా ఉంటుంది. బరువు పడినప్పుడల్లా ముక్క రవ్వంత కదులుతుంది. కదలిక పెరిగితే నొప్పి, మరీ పెరిగితే రెండవ ఆపరేషన్. టైటానియం కొంత మేలు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆచార్యుడు కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం గొట్టాన్ని తిరిగి తీయబోతే ఊడి రాలేదు. ఎముక దాని మీద నేరుగా పెరిగింది. నేడు పళ్ళు కట్టించుకునేవారికి దవడలో బిగించే స్క్రూ ఆ కథలో నుంచి వచ్చినదే.

ఎముకతో నిజంగా అతుక్కునే పదార్థాన్ని తయారు చేయవచ్చునని చూపించినవాడు అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లారీ హెంచ్. 1967లో ఒక సమావేశానికి బస్సులో పోతుంటే పక్క సీటులో వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన ఒక సైనికాధికారి కూర్చున్నాడు. యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న కుర్రవాళ్ళ గురించి చెప్పి, లోహాన్నీ ప్లాస్టిక్కునూ శరీరం ఒప్పుకోవడం లేదు, ఒప్పుకునేది మీరు ఏదైనా చేయగలరా అని అడిగాడు. హెంచ్ గాజు మీద పనిచేసేవాడు. ఎముకలో ఉన్నది సున్నము, భాస్వరము కదా, వాటినే గాజులో కలిపితే ఏమవుతుందని ఆలోచించాడు. వందకు 45 పాళ్ళు ఇసుక ధాతువు, ఇరవై నాలుగున్నర సోడా, ఇరవై నాలుగున్నర సున్నం, 6 పాళ్ళు భాస్వరపు ధాతువు కలిపి కరిగించాడు. 1969లో దానిని ఎలుకల తొడ ఎముకలో పెట్టి, ఆరు వారాల తరువాత చూస్తే, లాగినా నెట్టినా ఊడి రాలేదు. శరీర ద్రవంలో ఆ గాజు పైపొర కొద్దిగా కరిగి, దాని మీద ఎముక ఖనిజం వంటి పొర తానే ఏర్పడింది. ఎముక కణాలు దానిని తమదిగానే భావించాయి. బయోయాక్టివ్, అంటే శరీరంతో పలికే పదార్థం అన్న మాట అక్కడ నుంచి స్థిరపడింది.

గాజుకు ఒక లోపం ఉంది, అది పెళుసు. బరువు మోసే చోట పనికిరాదు. ప్లాస్టిక్కు విరగదు కానీ ఎముకతో పలకదు. రెండింటి గుణాలూ ఒకచోట కావాలి. గత నలభై యాభై ఏళ్ళ కథ అంతా ఈ కోరిక చుట్టూ తిరిగినదే.

1980ల మొదట్లో లండన్‌లో బాన్‌ఫీల్డ్ అనే ఆచార్యుడు పాలిథిన్‌లో ఎముక ఖనిజపు పొడిని కలిపివేశాడు. రాగి సంగటిలో బియ్యం నూక కలిపినట్టు అనుకోండి. ఘనపరిమాణంలో 40 వంతుల వరకు పొడి కలిపారు. కంటి గుంట అడుగు ఎముకకు, చెవిలోని చిన్న ఎముకలకు అది బాగా పనికివచ్చింది. పొడి ఎక్కువైతే పెళుసు, తక్కువైతే పలకదు. అందుచేత తొడ ఎముక వంటి బరువు చోట్లకు అది పోలేదు.

ఇక పీక్. 1978లో ఇంగ్లాండులోని ఐసిఐ కంపెనీ శాస్త్రజ్ఞులు తయారుచేశారు. మొదట విమానాలకు, యంత్రాలకు వాడారు. 1990లలో వెన్నుపూసల కేజ్‌లకు వచ్చింది. దీని గొప్ప ఏమిటంటే, దీని బిగువు ఎముక బిగువుకు దగ్గర. టైటానియం ఎముక కంటే ఎన్నో రెట్లు బిరుసు. బిరుసు వస్తువు పక్కన ఉంటే బరువంతా అదే మోస్తుంది, పని లేని ఎముక క్షీణిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఒక్కడే సంపాదిస్తుంటే మిగిలినవారు సోమరులు కావడం మనం చూడలేదా? పీక్ ఆ పని చేయదు. ఎక్స్‌రేకు కూడా అడ్డురాదు. లోపల ఎముక అతికిందా లేదా అన్నది డాక్టరుకు స్పష్టంగా కనపడుతుంది.

ఈ ఎక్స్‌రే సంగతి దగ్గర ఒక ముచ్చట. మా కార్యాలయంలో పనిచేసిన ఒక మిత్రునికి కొన్నేళ్ళ క్రితం నడుములో పీక్ కేజ్ పెట్టారు. ఇంటికి వచ్చి ఎక్స్‌రే ఫోటో కిటికీకి ఎత్తిపట్టి నన్ను అడిగినాడు: "ఏమప్పా, ఇంత డబ్బు కడితిమి, ఫోటోలో ఏమీ కనపడదే? పెట్టినారా, పెట్టలేదా?" ఫోటోలో స్క్రూలు కనపడుతున్నాయి, వాటి మధ్య మూడు చిన్న చుక్కలు తప్ప ఏమీ లేదు. ఆ చుక్కలే ఆనవాలు. కేజ్ కనపడదు కాబట్టి, ఎక్కడుందో తెలియడానికి తయారుచేసేటప్పుడే టాంటలం అనే లోహపు పుల్లలు దానిలో దిగవేస్తారు. ఈ సంగతి తెలిసిన తరువాతనే ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టిందట.

పీక్‌కు కూడా పాత జబ్బు ఉన్నది. చేమాకు మీద నీటి బొట్టు నిలవనట్టు, దీని నున్నని ముఖం మీద శరీర ద్రవం సరిగా పరచుకోదు. ఏ వస్తువు లోపల పెట్టినా క్షణాలలో రక్తంలోని మాంసకృత్తులు దాని మీద అంటుకుంటాయి. ఆ అంటుకున్న తీరును చూసే ఎముక కణాలు అక్కడ కాపురం పెట్టాలా వద్దా అని తేల్చుకుంటాయి. కాబట్టి లోపలి బలం చెడకుండా పైముఖం మాత్రం మార్చాలి. ఇది మన ధర్మవరం వారికి చెప్పనక్కరలేదు. పచ్చి పట్టుకు రంగు పట్టదు. సబ్బు, సోడా వేసి ఉడికించి, పైన ఉన్న జిగురు తీసిన తరువాతనే రంగు ఎక్కుతుంది. నూలు అదే, ముఖం మారింది.

పీక్ ముఖం మార్చడానికి చేసిన ప్రయత్నాలు ఎన్నో. మొదటిది పూత. టైటానియాన్నో, ఎముక ఖనిజాన్నో మంటలా వెలిగే వాయువులో కరిగించి తుంపరగా కొడతారు. చిక్కు ఎక్కడంటే ఆ మంట వేడి వేల డిగ్రీలు, పీక్ కరిగేది 343 డిగ్రీల దగ్గర. జాగ్రత్త తప్పితే అడుగు చెడుతుంది. చల్లబడిన తరువాత పూత సరిగా పట్టుకోకపోతే, కేజ్‌ను సుత్తితో దించేటప్పుడు పెచ్చులు లేస్తుంది. తడపని గోడకు గిలాబా చేసినట్టు. రెండవది, విద్యుత్తుతో వెలిగించిన ఆక్సిజన్, అమ్మోనియా వంటి వాయువులకు చూపి, ముఖం మీద నీటిని ఇష్టపడే అణువులను పుట్టించడం. చౌక, సులభం. కానీ నిలవ ఉంచితే ఆ గుణం క్రమంగా తగ్గిపోతుంది. మూడవది, గాఢ గంధకామ్లంలో కొద్ది నిమిషాలు ముంచి, పైముఖం మీద తేనెపట్టు వంటి సన్నని రంధ్రాలు తెప్పించడం. వాటిలోకి ఎముక వేళ్ళు తన్నుకుంటుంది. ఆమ్లం మిగలకుండా కడగాలి, లేకుంటే కణాలకే చేటు. ప్లాస్టిక్కు అంచునే స్పాంజివలె పోతపోసి చేసిన కేజ్‌లు కూడా వచ్చాయి. నా మట్టుకు ఈ చివరిదే సబబుగా తోస్తుంది. పూసింది రాలవచ్చు, పుట్టుకతో ఉన్నది రాలదు. ఇది గుమాస్తా తీర్పు, డాక్టరు తీర్పు కాదు.

ముఖం మారింది సరే, అది పలుకుతుందో లేదో ఎలా తెలుస్తుంది? దీనికి జపానులో క్యోటో విశ్వవిద్యాలయపు కొకుబో గారు 1990 ప్రాంతంలో ఒక పరీక్ష స్థిరపరచారు. రక్తద్రవంలో ఉండే లవణాలనే అదే పాళ్ళలో నీటిలో కలిపి, శరీరపు వెచ్చదనంలో ఉంచి, ముక్కను దానిలో ముంచుతారు. దాని మీద ఎముక ఖనిజం పొర కడితే పలుకుతుందని ఆశ. జంతువులను చంపకుండా తెలుసుకునే మార్గం కాబట్టి ప్రపంచమంతా వాడింది. ఆ ద్రవంలో జీవకణాలూ మాంసకృత్తులూ లేవు కదా, అది శరీరానికి సాటి ఎలా అవుతుందని 2009లో వేరే శాస్త్రజ్ఞులు గట్టిగానే ప్రశ్నించారు. ప్రకటనలలో 'పరీక్షలో నెగ్గినది' అని చూసినప్పుడు అది గ్లాసులో నెగ్గిందా, జంతువులో నెగ్గిందా, మనుషులలో నెగ్గిందా అని అడగడం అందుకే అవసరం.

మన దేశంలో ఈ విద్యకు పెద్ద ఇల్లు తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ. అక్కడ తయారైన గుండె కవాటాన్ని 1990 డిసెంబరు 6న మొదటిసారి రోగికి అమర్చారు. దానిలో ఊగే పలక, చార్న్‌లీ తుంటికి వాడిన పాలిథిన్ కుటుంబానిదే. అక్కడ రక్తం అంటుకోకూడదు, ఎముకలో అంటుకోవాలి. ఒకే ప్లాస్టిక్కుకు రెండు చోట్ల రెండు పరీక్షలు.

మన తెలుగు ప్రాంతంలో ఎముక వైద్యం అంటే తరతరాలుగా పుత్తూరు కట్టు. తరువాత హైదరాబాదులో నిజాం ట్రస్టు ఎముకల ఆసుపత్రి వచ్చి, అదే నిమ్స్‌గా పెరిగింది. 1990లలో అక్కడి ఎముకల డాక్టరు ఒకరు క్షిపణి ప్రయోగశాలకు పోయి, అబ్దుల్ కలాం గారి దగ్గర క్షిపణులకు వాడే తేలిక పదార్థాన్ని చేతితో ఎత్తి చూసి, ఆయనను తన ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాలలో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తన జీవితంలో అమిత ఆనందం కలిగించిన పనిగా కలాం గారు దీనిని చాలా సభలలో చెప్పుకున్నారు. అవి ఎముక బయట ఉండేవి. లోపల పెట్టే టైటానియం మిశ్రమాల విషయానికి వస్తే, హైదరాబాదులోనే 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ ఉన్నది.

ఇక మన బత్తలపల్లె. వాన తక్కువ, బోరు లోతు ఎక్కువ, నీటిలో ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటరాదని ప్రమాణం, మన జిల్లా బావులు ఎన్నో దానిని దాటాయి. ఫ్లోరైడు ఎముక ఖనిజంలోనే దూరి కూర్చుంటుంది. ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనపడుతుంది, కానీ పెళుసుబారుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో వ్రాసినది కూడా అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. దానికి తోడు శనక్కాయ చేలలో వంగిన నడుములు. అందుచేత ఇక్కడి ఎముక మీద ఏది అతుకుతుందన్న ప్రశ్న పుస్తకపు ప్రశ్న కాదు. 2000 సంవత్సరంలో ఫెర్రర్ గారి ఆర్‌డిటి సంస్థ ఇక్కడ ఆసుపత్రి పెట్టక ముందు, కాలు విరిగినవాడిని అనంతపురం దాకా బస్సులోనో, ట్రాక్టరులోనో తీసుకుపోయిన రోజులు మీలో చాలామంది చూసినవే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మనది ఒకటి.

నేటి చిక్కు వేరు. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రివారు రెండు ధరలు చెబుతారు. మామూలు కేజ్ ఇంత, పూత ఉన్నది ఇంత అంటారు. ఖర్చంతా పథకం భరించదు, తేడా మనం కట్టాలి. నా మిత్రునికి కూడా ఇలాగే చెప్పారు. కొడుకు అప్పు తెచ్చి పూత ఉన్నది పెట్టిద్దామన్నాడు, తండ్రి వద్దన్నాడు, ఇంట్లో రెండు రోజులు మాటలు లేవు. చివరకు పెట్టినది మామూలుదే. ఏడాదికి ఎముక అతికింది. అలా అని పూత దండగ అనడానికి లేదు. పూత ఉన్నవాటిపై ఎముక త్వరగా పెరుగుతుందని జంతువులలో బాగా రుజువైంది. మనుషులలో మాత్రం చివరి ఫలితంలో పెద్ద తేడా ఉన్నదని ఇంకా గట్టిగా తేలలేదు. లోపల నింపే ఎముక పొడి, సర్జన్ చేయి, మధుమేహం అదుపు, బీడీ సిగరెట్టు మానడం, ఎముక సాంద్రత - వీటి ప్రభావం తక్కువది కాదు. ఏది పెట్టించుకోవాలో డాక్టరుతోనే తేల్చుకోవాలి. అప్పు చేసే ముందు ఆ ప్రశ్న మాత్రం అడగాలి.

మోకాలి చిప్పల ధరకు 2017 ఆగస్టులో కేంద్రం కళ్ళెం వేసింది. కోబాల్టు క్రోమియం రకానికి అప్పట్లో నిర్ణయించిన గరిష్ఠ ధర పన్ను కాక 54,720 రూపాయలు. వెన్ను కేజ్‌లను ఆ ఉత్తర్వులో చేర్చలేదు.

చివరిగా బిల్లుల గుమాస్తాగా ఒక్క మాట. లోపల పెట్టిన ప్రతి వస్తువు పెట్టెలోనూ బ్యాచి నంబరుతో చిన్న స్టిక్కరులు వస్తాయి. ఒకటి కేసు షీటులో అంటిస్తారు, ఒకటి బిల్లుకు జతచేస్తారు. 2010 ఆగస్టులో ఒక పెద్ద విదేశీ కంపెనీ తన లోహపు తుంటి కీళ్ళను ప్రపంచమంతటా వెనక్కు పిలిచింది. అప్పుడు తమలో ఉన్నది ఆ రకమా కాదా అని తేల్చుకోవడానికి ఆ చిన్న కాగితమే ఆధారం. బిల్లు పంపే ముందు దానికి నకలు తీసి, పెన్షన్ పుస్తకంతో పాటు ఇంట్లో ఉంచుకోండి. అది ఎక్కడ పెట్టారో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.